ఊపిరికి ఏఎంసీ ఎవరు కడతారు?

ఇక్కడ ఏదైనా రాసి నాలుగు నెలలు దాటింది. రిలీజులు, రాత్రి కాల్సు, మామూలే. ఈసారి కొంచెం పొడుగ్గా రాస్తున్నాను, ఓపికుంటేనే చదవండి. ముందే ఒక మాట. నేను డాక్టర్ని కాదు. బ్యాంకుల కోసం రిపోర్టులు తయారు చేసే కోడ్ రాసుకునే మామూలు ఇంజినీర్ని. కానీ మూడు నెలలుగా ఒక ప్రశ్న నా బుర్ర తినేస్తోంది. దాని గురించి చదివింది, చూసింది, చివరికి నాకేమనిపించింది.. అదే ఈ టపా.

మాది మిర్యాలగూడ. చిన్నమ్మ వాళ్ళది కోదాడ. రెండేళ్ళ కింద చిన్నమ్మ కొడుకు రాత్రిపూట బైకు మీద సూర్యాపేట నుంచి ఇంటికి వస్తూ, రోడ్డు పక్కన లైట్లు లేకుండా ఆపిన లారీని గుద్దుకున్నాడు. హెల్మెట్ ఉంది కాబట్టి తల దక్కింది. మెడ దక్కలేదు. మెడ ఎముకల్లో పైనుంచి రెండోది విరిగి లోపల వెన్నుపాము దెబ్బతింది. మెడ కింద ఏదీ కదలదు, ఏదీ తెలీదు. ఊపిరి కూడా తనంతట తాను రాదు.

ఇలాంటి దెబ్బ తగిలినవాళ్ళు చాలామంది ఆస్పత్రి దాకా రారు. మెడ పైభాగంలో వెన్నుపాము తెగితే ఊపిరి అక్కడికక్కడే ఆగిపోతుంది. కొద్ది నిమిషాల్లో ఎవరో ఒకరు గాలి అందించాలి, లేకపోతే అంతే. తమ్ముడి వెనకాలే వస్తున్న కారులో ఒక నర్సమ్మ ఉంది. 108 వచ్చేదాకా ఆవిడే నోటితో ఊపిరి ఊదింది. తర్వాత అంబులెన్సు వాళ్ళు చేత్తో నొక్కే బ్యాగు పెట్టారు. ఆవిడెవరో మాకు ఇప్పటికీ తెలీదు. తెలిస్తే ఒక్కసారి కాళ్ళకి దండం పెట్టి రావాలని ఉంది.

హైదరాబాద్‌లో మూడు నెలలు ఐసీయూ. తర్వాత ఇల్లు. గొంతుకి రంధ్రం, దాన్లో గొట్టం, గొట్టానికి వెంటిలేటర్. ముందు గది మొత్తం చిన్న ఐసీయూలాగా తయారైంది. వాడి వయసు 24. చిన్నమ్మ ఈ రెండేళ్ళలో వరసగా నాలుగు గంటలు నిద్రపోయిన రాత్రి లేదు.

మూడు నెలల కింద, చూపించుకోవడానికి వెళ్ళినప్పుడు ఒక డాక్టర్ గారు కొత్త మాట చెప్పారు. "నరానికి కరెంటు ఇచ్చి ఊపిరి తీయించే పరికరం ఉంది, వెంటిలేటర్ నుంచి చాలావరకు బయటపడొచ్చు" అని. ఆ రాత్రి చిన్నమ్మ ఫోన్.

"నువ్వు ఇంజినీరువి గద బిడ్డా, ఇది గూడ మిషనే గద. పెట్టిద్దామా వద్దా, నువ్వు జెప్పు."

మన ఇళ్ళల్లో ఇంజినీరంటే వాషింగ్ మెషిన్ దగ్గర్నుంచి ఊపిరితిత్తుల దాకా అన్నీ తెలుసనే లెక్క :-). నవ్వొచ్చింది. ఫోన్ పెట్టేశాక ఏడుపొచ్చింది.

సరే, చదవడం మొదలుపెట్టాను.

అసలు ఇదేంటి

మన ఊపిరికి ఆర్డరు మెదడు కిందిభాగం నుంచి బయల్దేరుతుంది. వెన్నుపాములో దిగి, మెడ దగ్గర 3, 4, 5 నంబర్ల స్థాయిలో బయటికొచ్చే ఫ్రీనిక్ నరం గుండా డయాఫ్రం అనే కండరానికి చేరుతుంది. పొట్టకీ ఛాతీకీ మధ్య గొడుగులా ఉండే కండరం అది. అది కిందికి దిగితే ఛాతీలోకి గాలి వస్తుంది.

మన భాషలో చెప్పాలంటే, తమ్ముడికి సర్వర్ బాగానే ఉంది. కింద మిషన్ బాగానే ఉంది. మిషన్ దాకా వెళ్ళే చివరి కేబుల్ కూడా బాగానే ఉంది. మధ్యలో లైన్ తెగింది. ఆ చివరి కేబుల్‌కి బయటినుంచి నిమిషానికి ఇన్నిసార్లు అని చిన్న కరెంటు ఇస్తే డయాఫ్రం దిగుతుంది, గాలి లోపలికి వస్తుంది. పేసర్ చేసే పని ఇంతే.

ఇదేమీ నిన్న మొన్నటి ఐడియా కాదు. అమెరికాలో యేల్ యూనివర్సిటీ సర్జన్ విలియమ్ గ్లెన్ 1960ల నుంచీ దీనిమీద పనిచేశాడు. పుట్టుకతో గుండె జబ్బున్న పిల్లలకి చేసే 'గ్లెన్ షంట్' ఆపరేషన్ పేరు విన్నారు కదా, ఆయనే. 1970ల మొదటికే మెడ కింద అంతా పడిపోయిన మనిషిని దీంతో ఊపిరి తీయించి చూపించారు.

ఇప్పుడు ముఖ్యంగా రెండు రకాలు. ఒకటి, ఎలక్ట్రోడ్లని నేరుగా ఫ్రీనిక్ నరం మీద పెట్టేది. చర్మం కింద చిన్న రిసీవర్ ఉంటుంది, దానిపైన చర్మానికి గుండ్రటి యాంటెనా అంటిస్తారు, బయట పెట్టె నుంచి రేడియో సిగ్నల్ వెళ్తుంది. అమెరికాలో ఏవరీ కంపెనీ చేసేది ఇలా ఉంటుంది. బ్యాటరీ బయటే కాబట్టి దానికోసం మళ్ళీ కోయనక్కర్లేదు. రెండోది, పొట్టలో చిన్న రంధ్రాలు చేసి డయాఫ్రం కండరంలోనే నాలుగు ఎలక్ట్రోడ్లు గుచ్చేది. వైర్లు చర్మంలోంచి బయటికి వస్తాయి. క్లీవ్‌లాండ్‌లో రేమండ్ ఆండర్స్ బృందం 2000లో మొదలుపెట్టిన ఈ పద్ధతికి, వెన్నుపాము దెబ్బల విషయంలో, 2008లో అమెరికా ఎఫ్‌డీఏ అనుమతి వచ్చింది.

రెండింటికీ షరతు ఒకటే. చివరి కేబుల్ బతికి ఉండాలి. దెబ్బ సరిగ్గా 3, 4, 5 దగ్గరే తగిలి ఆ నరం మొదలే చచ్చిపోతే ఈ పరికరం పనికిరాదు. అందుకే ముందు నరానికి పరీక్ష చేస్తారు. తమ్ముడికి చేశారు. రెండువైపులా పలుకుతోంది.

అంటే మా ముందున్నది ఉత్తి ఆశ కాదు, నిజంగానే తేల్చుకోవాల్సిన విషయం.

ఏం మారుతుంది

వెంటిలేటర్ గాలిని లోపలికి నెడుతుంది. పేసర్ పెడితే డయాఫ్రం గాలిని లోపలికి లాగుతుంది, మీకూ నాకూ జరిగినట్టే. వినడానికి చిన్న తేడాలా ఉంటుంది. బతికేవాడికి కాదు.

ఇప్పుడు తమ్ముడు మాట్లాడాలంటే గొట్టం చుట్టూ ఉండే బెలూన్‌లో గాలి తీయాలి. అప్పుడు కూడా మిషన్ ఊదినంతసేపే రెండు మూడు మాటలు వస్తాయి, మళ్ళీ ఆగాలి. మిగతా టైములో పెదాలు కదుపుతాడు, చిన్నమ్మ చదువుతుంది. పేసర్ ఉన్నవాళ్ళకి మాట మెరుగ్గా వస్తుంది. పెద్ద గొట్టాలుండవు, శబ్దం ఉండదు, కుర్చీలో కూర్చోబెట్టి బయటికి తీసుకెళ్ళడం తేలిక. గొంతు దగ్గర రంధ్రాన్ని మూసి ఉంచగలిగితే గాలి ముక్కులోంచి వెళ్తుంది కాబట్టి వాసన తెలుస్తుంది.

ఈ వాసన సంగతి నేను వాడికి చదివి వినిపించినప్పుడు వాడి మొహం మారిపోయింది. చిన్నప్పుడు వాడు మా ఇంటికొస్తే రైస్ మిల్లుల్లో వడ్లు ఉడకబెట్టే వాసనకి ముక్కు మూసుకునేవాడు. "మీ మిర్యాలగూడ కంపు" అని నన్ను ఏడిపించేవాడు. ఇప్పుడు పెదాలతో అడిగాడు, "మిల్లు వాసన కూడా వస్తదా అన్నా?"

జర్మనీలో హాంబర్గ్ డాక్టర్లు 20 ఏళ్ళపాటు ఇలాంటి 64 మందిని గమనించి 2008లో ఫలితాలు రాశారు. నరం బతికున్న 32 మందికి పేసర్, నరం పోయిన 32 మందికి వెంటిలేటర్. పేసర్ వాళ్ళకి ఊపిరితిత్తుల ఇన్ఫెక్షన్లు బాగా తగ్గాయి, మాట మెరుగ్గా ఉంది. పేసర్ వాళ్ళలో 9 మంది ఉద్యోగమో చదువో చేయగలిగితే, వెంటిలేటర్ వాళ్ళలో ఇద్దరే. ఆ రెండు గుంపులూ అచ్చంగా ఒకేలాంటివి కావు, కాబట్టి ఈ చివరి అంకెని పట్టుకుని ఊగిపోకూడదు. ఇంకో మాట కూడా రాశారు. మొదట్లో ఖర్చు ఎక్కువే అయినా, రోజూ వాడి పారేసే సామాను, నర్సింగ్, ఇన్ఫెక్షన్లు తగ్గడం వల్ల వాళ్ళ దగ్గర ఏడాదిలోపే అది తిరిగొచ్చేస్తుందట. 'వాళ్ళ దగ్గర' అన్న ముక్క గుర్తుపెట్టుకోండి. జర్మనీలో నర్సు జీతం వేరు. మన దగ్గర నర్సు చిన్నమ్మ, జీతం సున్నా. సున్నాలోంచి ఏం మిగులుతుంది?

ఏం మారదు

ఇక్కడే మనవాళ్ళు పొరబడతారు. వాట్సాప్‌లో 'పక్షవాతం వచ్చిన వ్యక్తి లేచి ఊపిరి పీల్చాడు' లాంటి వీడియోలు తిరుగుతుంటాయి కదా.

చేతులు కదలవు. కాళ్ళు కదలవు. దగ్గు కూడా రాదు. ఎందుకంటే దగ్గడానికి కావాల్సింది డయాఫ్రం కాదు, పొట్ట కండరాలు. కాబట్టి కఫం తీసే సక్షన్ పని అలాగే ఉంటుంది. మూత్రం గొట్టం ఉంటుంది. రెండు గంటలకోసారి పక్కకి తిప్పడం ఉంటుంది. నిద్రలో కొందరికి గొంతు కండరాలు మూసుకుపోయి గాలి ఆడదు, కాబట్టి రంధ్రాన్ని వెంటనే పూడ్చేయడం కూడా కుదరకపోవచ్చు. రెండేళ్ళుగా పని లేక సన్నబడిన డయాఫ్రం మొదటిరోజే రోజంతా పనిచేయదు. కొన్ని నిమిషాలతో మొదలుపెట్టి వారాలు, నెలలు పెంచుకుంటూ పోవాలి. వెంటిలేటర్ అమ్మేయడానికి లేదు, పక్కనే ఉండాలి. వేలికి ఆక్సీమీటర్, రాత్రి ఎవరో ఒకరు మెలకువగా.. అదీ ఉంటుంది.

సూపర్‌మ్యాన్ సినిమాల హీరో క్రిస్టఫర్ రీవ్ గుర్తున్నాడా? 1995లో గుర్రం మీంచి పడి మెడలో మొదటి రెండు ఎముకల దగ్గర దెబ్బ తగిలింది. 2003 ఫిబ్రవరిలో క్లీవ్‌లాండ్‌లో డయాఫ్రం పేసర్ పెట్టించుకున్నాడు. మొదటి కొద్దిమందిలో ఒకడు. వెంటిలేటర్ లేకుండా గంటల తరబడి ఊపిరి తీయగలిగాడు, మళ్ళీ వాసనలు తెలిశాయని చెప్పాడు. 2004 అక్టోబర్‌లో చనిపోయాడు. ఊపిరి ఆడక కాదు. పడక పుండుకి ఇన్ఫెక్షన్ వచ్చి, దానికి చికిత్స జరుగుతుండగా గుండె ఆగింది. అంత డబ్బు, అంతమంది నర్సులు ఉన్న మనిషి.

నేను ఈ సంగతి చదివిన రోజు చిన్నమ్మకి ఫోన్ చేసి ఒక్కటే అడిగాను, "నడుం దగ్గర చర్మం ఎట్లుంది?" "కొద్దిగ ఎర్రబడ్డది" అంది.

పెట్టించిన పదిహేనేళ్ళ తర్వాత

మన ఫీల్డ్‌లో అందరికీ తెలిసిన సంగతే. గో-లైవ్ రోజు కేకు కోస్తారు, ఫోటోలు దిగుతారు. ఆ తర్వాత పదేళ్ళు ఆ సిస్టాన్ని ఎవరు మోస్తారో ఎవరూ అడగరు. సపోర్ట్ టీమ్‌ని కేకు కోతకి పిలవరు కూడా.

ఈ పరికరాల విషయంలో ఆ పదిహేనేళ్ళ తర్వాతి లెక్క ఒకటి దొరికింది. యేల్ గుంపు వాళ్ళే 2002లో రాశారు. రోజంతా పేసర్ మీదే ఉండేలా అలవాటు చేసిన 12 మందిలో ఆరుగురు సగటున దాదాపు 15 ఏళ్ళుగా అలాగే ఉన్నారు. నరానికి ఇవ్వాల్సిన కరెంటు కూడా అన్నేళ్ళలో చెప్పుకోదగ్గంతగా మారలేదు. అంటే నరం అరిగిపోలేదు, కండరం అలిసిపోలేదు. మరి మిగతావాళ్ళలో రోజంతా వాడటం మానేసిన వాళ్ళు ఎందుకు మానేశారు? ముఖ్యంగా డబ్బు చాలక, చూసుకునే మనుషులు లేక, లేదా వేరే జబ్బుల వల్ల.

ఇది చదివాక రాత్రి చాలాసేపు అలా కూర్చుండిపోయాను. హార్డ్‌వేర్ నిలబడింది. సపోర్ట్ పడిపోయింది. అదీ అమెరికాలో!

ఇప్పుడు కోదాడకి రండి.

పోయిన వేసవిలో గాలివాన వచ్చి రాత్రి కరెంటు పోయింది. వెంటిలేటర్ లోపలి బ్యాటరీ అప్పటికే పాతబడింది, ఇన్వర్టర్ గంటన్నరకి చేతులెత్తేసింది. చిన్నమ్మ, బాబాయ్ వంతులేసుకుని నలభై నిమిషాలు చేత్తో బ్యాగు నొక్కారు. పక్కింటాయన జనరేటర్ తెచ్చేదాకా. ఆ నలభై నిమిషాలూ వాడు కళ్ళు తెరుచుకుని వాళ్ళనే చూస్తూ ఉన్నాడట.

పేసర్ ఉంటే ఆ రాత్రి వచ్చేది కాదు. దానికి చిన్న బ్యాటరీలు చాలు, అవి చాలాసేపు వస్తాయి. కరెంటు కోతలున్న ఊళ్ళకి ఇది మామూలు లాభం కాదు, నేను ఒప్పుకుంటాను. కానీ రెండో వైపు చూడండి. యాంటెనాలు, వైర్లు అరిగిపోతాయి, మార్చుకోవాలి. చర్మంలోంచి బయటికొచ్చే వైర్ల దగ్గర ఇన్ఫెక్షన్ రావొచ్చు, వైరు తెగొచ్చు. ఇవి తయారు చేసే కంపెనీలు ప్రపంచం మొత్తంలో వేళ్ళమీద లెక్కపెట్టేటన్ని. వెంటిలేటర్ చెడిపోతే హైదరాబాద్ నుంచి కుర్రాడు బస్సెక్కి మూడు నాలుగు గంటల్లో వస్తాడు. యాంటెనా తెగితే? కస్టమ్స్, కొరియర్, డాలరు రేటు. అంటే కరెంటు మీద ఆధారపడటం పోయి కొరియర్ మీద ఆధారపడటం వస్తుంది. స్పేర్ సెట్టు ఇంట్లో లేకుండా పరికరం పెట్టించడమంటే బ్యాకప్ లేకుండా ప్రొడక్షన్‌లోకి వెళ్ళడమే.

అందుకని నా అభిప్రాయం

పేసర్ మంచిదా కాదా అనేది అసలు ప్రశ్నే కాదు. సరైన మనిషికి అది మంచిదే, యాభై ఏళ్ళ చరిత్ర ఆ మాట చెప్తోంది. 'పెట్టించాక ఇరవై ఏళ్ళు దాని చుట్టూ ఎవరుంటారు?' అన్నదే ప్రశ్న. దీనికి జవాబు లేకుండా ఆపరేషన్‌కి చందాలు పోగుచేయడం తప్పు అని నా అభిప్రాయం. అవును, తప్పే.

ఎందుకంటున్నానంటే, మన ఐటీ వాళ్ళం చందాలు ఎలా ఇస్తామో నాకు తెలుసు. నేనూ అలాగే ఇచ్చాను. ఆఫీస్ మెయిల్‌లో ఒక ఫోటో, ఒక అంకె, ఒక లింకు. రెండు వేలు కొట్టి, కాఫీ తాగి, మర్చిపోతాం. ఆ అంకె ఎప్పుడూ ఆపరేషన్‌దే. నెలకి ఇద్దరు అటెండర్ల జీతం, సక్షన్ గొట్టాలు, గాలి పరుపు, ఫిజియోథెరపీ, స్పేర్ యాంటెనా.. వీటికి ఎవరూ లింకు పెట్టరు. పెట్టినా మనం నొక్కం. ఫోటోలో నాటకీయత ఉండదు కదా.

ప్రభుత్వాలదీ ఇదే పద్ధతి. 2005 ఆగస్టు 15న మన రాష్ట్రంలో 108 మొదలైంది, అదీ ఒక ఐటీ కంపెనీ వాళ్ళు ముందుకొస్తే. ఆ బండి లేకపోతే తమ్ముడు లేడు. 2025 మేలో కేంద్రం రోడ్డు ప్రమాద బాధితులకి నగదు లేకుండా వైద్యం అనే పథకం తెచ్చింది. లక్షన్నర రూపాయల దాకా, ప్రమాదం జరిగిన రోజు నుంచి 7 రోజులు. చాలా మంచి పథకం, వెక్కిరించడం లేదు. కానీ ఎనిమిదో రోజు నుంచి? మెడ విరిగినవాడి జీవితం మొదలయ్యేదే ఎనిమిదో రోజున.

చట్టంలో మాట మాత్రం ఉంది. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం 24వ సెక్షన్‌లో, ఎక్కువ ఆసరా అవసరమైనవాళ్ళకి చూసుకునే మనిషి కోసం భత్యం ఇచ్చే పథకాలు పెట్టాలని రాసుంది. 2020లో సుప్రీంకోర్టు ఒక పన్నెండేళ్ళ పాప ప్రమాదం కేసులో, అటెండర్ల ఖర్చు ఏదో ఒక ముద్దగా కాకుండా, సంపాదన నష్టం లెక్కించినట్టే ఏళ్ళ లెక్కన మల్టిప్లయర్‌తో కట్టి ఇవ్వాలని చెప్పింది. మీ ఇంట్లోగానీ మీకు తెలిసినవాళ్ళకి గానీ మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్‌లో కేసుంటే, వకీలు గారికి ఈ తీర్పు సంగతి తప్పకుండా గుర్తుచేయండి. మా వకీలు గారు వేసిన మొదటి పిటిషన్‌లో అటెండర్ ఖర్చు గురించి ఒక్క లైనే ఉంది, అదీ ఏడాదికే.

మీరడగబోయే రెండు ప్రశ్నలు

ఒకటి. "ఒక్కడి మీద అంత డబ్బెందుకు, దాంతో హైవే మీద ఇంకో రెండు అంబులెన్సులు పెట్టొచ్చు కదా?" మా ఫ్రెండే అడిగాడు. లెక్కప్రకారం వాడి మాట కొట్టిపారేసేది కాదు. హైదరాబాద్ - విజయవాడ రోడ్డు మీద లైట్లు లేకుండా లారీలు ఆపకుండా చూస్తే ఏ పరికరం కొననక్కర్లేదు, ఇంకా చవక. సంక్రాంతి ముందు పంతంగి టోల్ దగ్గర కార్లు లెక్కపెట్టి టీవీలో చూపిస్తారు, చీకట్లో ఆగిన లారీలని ఎవరు లెక్కపెడుతున్నారు? కానీ ఒక సంగతి. 108 పెట్టి, నోటితో ఊది, ఐసీయూలో మూడు నెలలు ఉంచి బతికించింది మనమే. బతికించాక 'ఇక నీ ఖర్చు దండగ' అనే హక్కు మనకి ఎక్కడిది? ప్రాణం కాపాడటం ఒక పనీ, ఆ ప్రాణాన్ని బతకనివ్వడం ఇంకో పనీ కాదు. రెండూ ఒకే పని.

రెండు. "కొత్త టెక్నాలజీ కదా, ఊపిరి సమస్య ఉన్న అందరికీ పెట్టేస్తే పోలా?" పోదు. ఏఎల్ఎస్ అనే జబ్బులో నరాలు మెల్లగా చచ్చిపోతాయి. వాళ్ళకీ ఈ డయాఫ్రం పేసర్ సాయపడుతుందనుకుని 2011లో అమెరికాలో అనుమతిచ్చారు. తర్వాత బ్రిటన్‌లో 74 మందితో పద్ధతిగా పరీక్షించి 2015లో చెప్పిందేంటంటే, మాస్కు వెంటిలేటర్ ఒక్కటే వాడినవాళ్ళలో సగం మంది 22.5 నెలలకి మించి బతికితే, దానికి పేసర్ కూడా కలిపినవాళ్ళలో అది 11 నెలలే. మేలు చేస్తుందనుకున్నది కీడు చేసింది. లైన్ తెగినవాడికి పనిచేసే మందు, కేబులే కుళ్ళిపోతున్నవాడికి పనిచేయదు. ఎవరికి అన్నది తెలుసుకోకుండా మిషన్‌ని పొగడటం మన ఫీల్డ్ జబ్బు, అక్కడికి ఎక్కించకూడదు.

మేమేం చేస్తున్నాం

చిన్నమ్మకి నేను చెప్పిన జవాబు 'పెట్టిద్దాం' కాదు, 'వద్దు' కాదు. "ఆరు నెలలు ఆగుదాం చిన్నమ్మా, ముందు వేరేవి చేద్దాం" అన్నాను.

ఆ వేరేవి ఇవి:

1. చుట్టాల్లో, కాలేజీ ఫ్రెండ్స్‌లో 22 మందిమి కలిసి నెల నెలా జీతం రోజున కొంత డబ్బు ఒక ఖాతాలో వేస్తున్నాం. ఒక్కసారి ఇచ్చే చందా తీసుకోవడం లేదు. ఎంత చిన్నదైనా ఐదేళ్ళు ఇస్తానన్నవాళ్ళే కావాలి. యాభై మందిని అడిగితే 22 మంది మిగిలారు. మిగిలినవాళ్ళ మీద నాకు కోపం లేదు, ఐదేళ్ళంటే భయపడ్డారు. భయపడాల్సిన విషయమే కదా.

2. రాత్రికి ఒక మనిషిని పెట్టాం. కోదాడలోనే ఒకమ్మాయి, నర్సింగ్ చదువుకుంది. సక్షన్ చేయడం, బ్యాగు నొక్కడం వచ్చు. చిన్నమ్మ మొదటి రాత్రి పక్కగదిలో పడుకుని ఆరు గంటలు నిద్రపోయింది. పొద్దున లేచి గాభరాగా పరిగెత్తుకొచ్చిందట.

3. ఇన్వర్టర్, బ్యాటరీలు మార్చాం. రెండో వెంటిలేటర్ ఒకటి సెకండ్ హ్యాండ్‌లో చూస్తున్నాం.

4. పక్కింటివాళ్ళు నలుగురికి బ్యాగు నొక్కడం నేర్పించాం. ఇది పైసా ఖర్చులేని పని, రెండేళ్ళు ఎవరికీ తట్టలేదు. నాకు కూడా.

5. గాలి పరుపు వచ్చింది. ఎరుపు తగ్గింది.

6. పరికరం కంపెనీ వాళ్ళకి మెయిల్ రాశాం. ధర అడగలేదు. స్పేర్లు ఎన్నాళ్ళు ఇస్తారు, ఇండియాలో ఎవరు సెట్టింగ్ మారుస్తారు, ఎమ్మారై తీయాల్సొస్తే ఏం చేయాలి, పదేళ్ళకి ఈ మోడల్ ఆపేస్తే మా గతేంటి.. ఇవి అడిగాం. వెండర్‌ని అడగాల్సిన ప్రశ్నలు మనకి తెలియనివా?

ఈ ఆరూ ఆరు నెలలు నిలబడితే, అప్పుడు ఆపరేషన్. నిలబడకపోతే పేసర్ కూడా నిలబడదు.

ఇంకో తప్పు కూడా చేశాం, చెప్పాలి. ఈ మూడు నెలల్లో నేను, చిన్నమ్మ, బాబాయ్, డాక్టర్ గారు, వకీలు గారు.. అందరం మాట్లాడుకున్నాం. వాడిని అడగలేదు. పోయిన ఆదివారం వెళ్ళినప్పుడు బెలూన్ గాలి తీయించి అడిగాను, "నీకేం కావాల్రా?" అని.

వాడు మిషన్ ఊపిరి కోసం ఆగుతూ, ముక్కలు ముక్కలుగా చెప్పాడు. "పేసర్.. కావాలె అన్నా. కాని.. అమ్మ నిద్ర.. పోగొట్టి.. వద్దు."

నేను మూడు నెలలు చదివింది వాడు ఎనిమిది మాటల్లో తేల్చేశాడు.

మీలో ఎవరైనా ఇలాంటి మనిషిని ఇంట్లో చూసుకుంటుంటే, ఏం చేస్తున్నారో, ఏది కుదిరిందో, ఏది కుదరలేదో రాయండి. మాకు పనికొస్తుంది. అలాంటివాళ్ళు ఎవరూ తెలియకపోయినా ఒక పని చేయండి. ఈ సంక్రాంతికి సూర్యాపేట మీదుగా ఊరెళ్తున్నప్పుడు, చీకట్లో లైట్లు లేకుండా ఆగి ఉన్న లారీ కనబడితే తిట్టుకుంటూ పక్కనుంచి పోకండి. ముందు జాగాలో బండి ఆపి 100కి ఫోన్ చేయండి. రెండు నిమిషాల పని. ఏ ఏఎంసీ కట్టక్కర్లేదు.